ఈ గోడ రిజర్వ్ చేయబడినది

మాచర్ల స్టేషన్ రోడ్డులో మునిసిపాలిటీ వాళ్ల కాంపౌండ్ గోడ ఒకటుంది. ఎదురుగా టీ బంకు, పక్కన ఆటో స్టాండు. సాగర్ నుంచి వచ్చే బస్సులు ఆ మలుపులో ఎటూ నెమ్మదించాల్సిందే కాబట్టి, ఆ గోడ మీద ఏముంటే అది ఊరంతా చదవాల్సిందే. అలాంటి గోడ మీద ఒకేసారి ఇద్దరి కన్ను పడింది. ఇక గొడవ రాకుండా ఎలా ఉంటుంది?

ఒకరు కెజియా. ఇంగ్లీష్ మీడియం స్కూల్లో డ్రాయింగ్ టీచర్. విశాఖపట్నంలో ఫైనార్ట్స్ చదివి వచ్చింది. అంత చదువుకూ మాచర్లలో దొరికిన పని, పిల్లల చేత యాపిల్ పండ్లకు రంగులు వేయించడం. ఆ మంటలోనే కమిషనర్ గారికి అర్జీ పెట్టుకుంది, ఊరి గోడలకు బొమ్మలు వేస్తాను, పర్మిషన్ ఇవ్వండి అని. మునిసిపాలిటీ వాళ్లు నివ్వెరపోయారు. గోడ మీద రంగు వేయడానికి వాళ్లను అడిగిన మొదటి మనిషి ఆమే. ఆ ఆశ్చర్యంలో వెంటనే స్టాంపు గుద్ది ఇచ్చేశారు.

రెండోవాడు డానీ. చర్చిలో పెట్టిన పేరు దానియేలు. తండ్రి సినిమా హాళ్లకు బోర్డులు రాసేవాడు. ఫ్లెక్సీలొచ్చి బోర్డుల్ని మింగేశాక కొడుక్కి గోడలు మిగిలాయి. సిమెంటు, మిర్చి విత్తనాలు, ఎన్నికలు, స్పోకెన్ ఇంగ్లీషు, చర్చివాళ్ల ఉజ్జీవ కూటాలు, చివరికి 'ఇక్కడ మూత్రం పోయరాదు' దాకా, మా వైపు గోడలన్నీ డానీ చేతిరాతలోనే మాట్లాడతాయి. ప్రతిదాని కింద కుడిమూల 'డానీ ఆర్ట్స్, మాచర్ల, సెల్' అని, పక్కన పది అంకెలు ఉంటాయి. ఆ నెంబరు వేయకుండా బ్రష్ కడిగితే అతనికి ఆ రోజు అన్నం సహించదు.

గోడల పనిలో ఒక కట్టుబాటుంది. ముందుగా గోడకు సున్నం కొట్టి, మూలన 'ఈ గోడ రిజర్వ్ చేయబడినది' అని రాసి, ఎప్పటి వరకో తారీఖు వేస్తారు. ఇక ఆ తారీఖు దాకా ఆ గోడను ఎవరూ ముట్టుకోరు. ఎదురుపడితే చొక్కాలు పట్టుకునే పార్టీల వాళ్లు కూడా, అవతలి పార్టీ సున్నం కొట్టిన గోడ దగ్గర మాత్రం మర్యాదగా పక్కకు తప్పుకుంటారు. పల్నాడులో ఈ ఒక్క చట్టానికే ఇంతవరకూ పోలీసుల అవసరం రాలేదు.

కెజియా ఆ రోజు పొద్దున స్టూలు, చాక్‌పీసులు పట్టుకుని వచ్చేసరికి గోడ తెల్లగా మెరుస్తోంది. తన కోసమే మునిసిపాలిటీ వాళ్లు సున్నం కొట్టించారనుకుని మురిసిపోయింది. మూలన ఉన్న రాతను చూసింది కానీ, గోడల మీద రాసినవన్నీ చదివే అలవాటు ఆమెకు లేదు. గీతలు గీయడం మొదలుపెట్టింది.

వెనకాల టీవీఎస్ బండి ఆగింది. హ్యాండిల్‌కు బకెట్, వీపున నిచ్చెన.

"మేడం, ఆ గోడ రిజర్వ్ అయింది."

"ఎవరు చేశారు?"

"నేనే."

"మీకెవరు ఇచ్చారు?"

డానీకి ప్రశ్న అర్థం కాలేదు. గోడను ఒకరు ఇవ్వడమేంది, సున్నం కొట్టినవాడిదే కదా. ఆమె కాగితం తీసి చూపించింది. అతను చేతులు ప్యాంటుకు తుడుచుకుని, కాగితమంతా మొదట్నుంచి చివరిదాకా చదివి, మడత నలగకుండా తిరిగి ఇచ్చాడు.

"స్టాంపు బానే ఉంది మేడం. సున్నం మాత్రం నాది."

"అయితే మీ సున్నం మీరు గీక్కుని పట్టుకెళ్లండి."

టీ బంకు దగ్గర గ్లాసులు ఆగిపోయాయి. డానీ ఆ గోడను ఒక విత్తనాల కంపెనీకి మాటిచ్చాడు. కెజియా ఊరికి మాటిచ్చింది. ఇద్దరూ గోడకు చెరో వైపు నిలబడి, కెజియా ఫోన్ చేసి పిలిచిన మునిసిపాలిటీ మనిషి కోసం చూశారు.

వచ్చింది శానిటరీ ఇన్‌స్పెక్టర్ పుల్లారావు. ఎవరికీ కోపం తెప్పించకుండా రిటైరవ్వాలన్నది ఆయన జీవితాశయం. కాగితం ఒకసారి, సున్నం ఒకసారి చూసి, విత్తనాల కంపెనీకి మిర్చి యార్డు దగ్గర ఇంకో గోడ చూపిస్తానని డానీకి నచ్చజెప్పి, తీర్పు ఇచ్చాడు. బొమ్మ గీయడం ఆమె వంతు, రంగు వేయడం అతని వంతు. ఆమెకు నిచ్చెన లేదు, అతనికి కాగితం లేదు, కాబట్టి ఇద్దరూ కలిస్తే ఒక మనిషి అవుతారన్నాడు. మునిసిపాలిటీ లెక్కలో అన్నాడే కానీ, ఆయన నోటి నుంచి అంతకన్నా శుభమైన మాట ఎప్పుడూ రాలేదు.

"హైదరాబాదులో గోడల మాదిరి ఉండాలమ్మా. కమిషనర్ గారు గట్టిగా చెప్పారు," అన్నాడు పోతూ పోతూ.

చిక్కేమిటంటే, ఆ ముగ్గురిలో హైదరాబాదు గోడలను కళ్లారా చూసినవాళ్లు ఎవరూ లేరు. కెజియా ఫోన్లో చూసింది. డానీ ఫోన్లో కూడా చూడలేదు. ఒకసారి పోయి చూసొద్దామని కెజియా అంది. సెలవు రోజు చూసుకుని బయల్దేరారు. వెంట కెజియా తల్లి ప్రేమకుమారి వచ్చింది. ఆమె నర్సు. తండ్రి లేని పిల్లను, నిచ్చెనతో తిరిగే కుర్రాడితో పంపేంత నిద్రమత్తులో తాను లేనని కూతురితో ముందే చెప్పింది.

పొద్దున్నే బస్సు ఎక్కారు. తల్లీకూతుళ్లు ఒక సీట్లో, డానీ వాళ్ల వెనక. బస్సు విజయపురి సౌత్ దాటేటప్పుడు ప్రేమకుమారి ఇరిగేషన్ క్వార్టర్స్ వైపు చూపించి, మా అమ్మ ఇక్కడే మా తమ్ముడి దగ్గర ఉంటుందని డానీతో చెప్పింది. క్రిస్మస్‌లోపు ఈ పిల్లకు సంబంధం చూసేస్తానని, అయితే పెళ్లి మాట మా అమ్మకు చెప్పకుండా తలపెడితే ఆమె మూడేళ్లు మాట్లాడదని కూడా చెప్పింది. డానీ అవునా ఆంటీ అన్నాడు. అతనికి ఆ సంబంధం మాట అప్పుడేమీ గుచ్చుకోలేదు. తర్వాత చాలా గుచ్చుకుంది.

హుస్సేన్ సాగర్‌కు దగ్గర్లో ఉంది, కెజియా ఫోన్లో చూసిన ఆ బొమ్మల గోడల పేట. సందులు మన సందుల్లాంటివే. గోడలు మాత్రం కాదు. ఒక ఇంటి గోడంతా ఒకే ఏనుగు. ఇంకో గోడ మీద రెండంతస్తుల ఎత్తున ఒక ముసలామె. ఏనుగు దంతానికి మేకు కొట్టి ఎవరో బట్టలారేసే తాడు కట్టుకున్నారు. కెజియా చిన్నపిల్ల అయిపోయింది. ఒక్కో గోడ దగ్గరా ఆగి, రంగును వేలితో తాకి, తల్లి చేతిలో ఫోన్ పెట్టి ఫోటోలు తీయించుకుంది. ప్రేమకుమారి తీసిన ఫోటోల్లో గోడలు బాగానే పడ్డాయి, కూతురే సగం సగం పడింది.

డానీ మాత్రం ప్రతి బొమ్మ కిందా మోకాళ్ల మీద కూర్చుని ఏదో వెతుకుతున్నాడు.

"ఏం పోయింది?" అడిగింది కెజియా.

"నెంబరు మేడం. ఇంత పెద్ద పని చేసి కింద సెల్ నెంబరు వెయ్యలేదు. మళ్లీ గిరాకీ ఎట్టా వస్తది వీళ్లకు?"

ప్రేమకుమారికి అంతకన్నా పెద్ద అనుమానం వచ్చింది. బట్టలు ఆరేస్తున్న ఇంటామెను పట్టుకుని, ఈ ఏనుగుతో ఏం అమ్ముతున్నారమ్మా అని అడిగింది.

"అమ్ముడేం లేదమ్మా. గోడ మీద బొమ్మ ఏస్తమని వచ్చి అడిగిండ్రు, సరే అన్నం, ఏసిండ్రు. గంతే."

"అడిగారా?" అన్నాడు డానీ, లేచి నిలబడి.

"అడగకుంటే ఊకుంటమా? గోడ మాది గద."

డానీ ఆ మాటకు తలూపాడు కానీ, అది అతని లోపల ఎక్కడో కూర్చుండిపోయినట్టుంది. ఆ తర్వాత మోకాళ్ల మీద కూర్చోవడం మానేశాడు. ముసలామె బొమ్మ ముందు చాలాసేపు నిలబడ్డాడు. కెజియా వచ్చి పక్కన నిలబడింది.

"నేను రాసిన గోడలన్నీ జనాన్ని ఏదో ఒకటి అడుగుతయి మేడం. కొనమనో, ఓటెయ్యమనో, చేరమనో. లేకపోతే పోయొద్దనన్నా చెప్తయి. ఈమె ఏమీ అడగట్లేదు. ఊరికే చూస్తంది."

కెజియా ముసలామెను చూడటం ఆపి అతన్ని చూసింది. నన్నడిగితే ప్రేమ అక్కడే మొదలైందంటాను. ప్రేమకుమారి మాత్రం ఒప్పుకోదు. ఆమె లెక్క ప్రకారం అది వానలో మొదలైంది.

ఆ వాన తిరుగు ప్రయాణానికి కాస్త ముందు, హైదరాబాదుకే చెల్లినట్టు చెప్పాపెట్టకుండా కురిసింది. ముగ్గురూ పరిగెత్తి ఫ్లైఓవర్ కింద నిలబడ్డారు. అక్కడి స్తంభం మీద కూడా ఒక నీలిరంగు పక్షి ఉంది. నీళ్లు దాని రెక్కల మీదుగా జారుతున్నాయి.

"ఈ వానకు రంగు కారదా మేడం?"

"కారదు. మంచి రంగు వేస్తే కారదు."

"మరి మీ కాటుక కారుతంది."

కెజియా చున్నీ తీసుకుని బుగ్గలు తుడుచుకుంది. తుడుచుకున్నకొద్దీ ఇంకా నల్లబడ్డాయి. డానీ నవ్వాపుకోలేక పక్షి వైపు తిరిగాడు. ఆమె కూడా నవ్వింది. ప్రేమకుమారి వచ్చి ఇద్దరి మధ్యలో నిలబడి, టిఫిన్ డబ్బా తెరిచింది. పులిహోర ఎక్కువ భాగం డానీకే పెట్టింది. నర్సులకు మనిషిని గమనించాలంటే ముందు అన్నం పెట్టడం అలవాటు.

ఊరికొచ్చాక పని మొదలైంది. కెజియా గీసిన బొమ్మ ఇది: కోల్డ్ స్టోరేజీ ముందు మిరపకాయల తొడిమలు తీస్తూ ఐదుగురు ఆడవాళ్లు, వాళ్ల వెనక ఎర్రటి కుప్ప, కుప్ప వెనక స్టేషన్లో ఆగిన రైలు. సాయంత్రం స్కూలు విడిచిపెట్టగానే ఆమె వచ్చేది. అప్పటికి డానీ పరంజా మీద ఉండేవాడు. ఎరుపు దగ్గర ఇద్దరికీ రోజూ యుద్ధమే. ఆమెకు ఎండిన మిరపకాయ ఎరుపు కావాలి, అతని చెయ్యి ఎన్నికల ఎరుపులోకి జారిపోయేది. గీత ఒక్క వేలెడు వంకరపోయినా ఆమె అతన్ని కిందికి దింపేది. మేడం కాస్తా టీచరమ్మ అయింది, మీరు కాస్తా నువ్వు అయింది. టీ బంకువాడు అడక్కుండానే రెండు టీలు పంపడం మొదలుపెట్టాడు.

సెప్టెంబరులో స్కూల్లో పరీక్షలొచ్చాయి. కెజియాకు ఇన్విజిలేషన్, ఆ తర్వాత పేపర్లు దిద్దడం. గోడ మీద అన్నీ అయ్యాయి కానీ ఆడవాళ్ల మొహాలు మిగిలాయి. అవి నువ్వే వెయ్యమంది డానీతో.

"ఎవరి మొహాలు వెయ్యాలి?"

"ఎవరివో ఎందుకు? నువ్వు రోజూ చూసే మొహాలు వెయ్యి."

చెప్పి వెళ్లిపోయింది. ఆ మాట ఎక్కడికి దారితీస్తుందో ఆమె ఆలోచించలేదు, పాపం.

డానీ హైదరాబాదు చూసొచ్చిన మనిషి. ఇదివరకటిలా కాదు. యార్డుకు పోయి, తొడిమలు తీసే ఆడవాళ్లలో నలుగురిని పేరు పేరునా అడిగాడు, నీ మొహం గోడ మీద వెయ్యనా అక్కా అని. ఒకామె ముక్కుపుడక తప్పకుండా వెయ్యాలంది. ఇంకొకామె తన పన్ను ఊడిన సంగతి దాచమంది. అన్నీ ఒప్పుకుని నాలుగు మొహాలూ వేశాడు. ఐదో మొహానికి ఎవరినీ అనుకోలేదు. బ్రష్ పెట్టాడు, అదే వచ్చింది. గీత వంకరపోయిందని చెప్పేముందు చిట్లించే కనుబొమలు, గడ్డం కింద చిన్న సొట్ట, బుగ్గ మీద చాక్‌పీసు మరక కూడా.

కిందికి దిగి చూశాడు. టీ తాగి మళ్లీ ఎక్కాడు. ముక్కు కాస్త లావు చేస్తే ఇంకొకరి మొహం అయిపోతుంది, రెండు నిమిషాల పని. చెయ్యి రాలేదు. అలాగే వదిలేసి, అలవాటు చొప్పున కుడిమూల సంతకం పెట్టాడు. కుడిమూల ఉన్నది ఐదో పిల్ల. కాబట్టి ఆ పిల్ల కింద, అడుగెత్తు అక్షరాల్లో 'డానీ ఆర్ట్స్, మాచర్ల, సెల్', ఆపైన పది అంకెలు.

మా ఊరివాళ్లను తప్పుపట్టడానికి లేదు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ వాళ్లు చూసిన ప్రతి గోడా ఏదో అమ్మింది, కింద నెంబరిచ్చింది. పైన చక్కని పిల్ల, కింద సెల్ నెంబరు. ఎవరైనా ఏమనుకుంటారు?

మొదటి ఫోన్ గురజాల నుంచి వచ్చింది. పిల్ల ఏం చదివింది, ఎంత ఎత్తు అని అడిగారు. డానీ అది బొమ్మని చెప్పాడు. బొమ్మని తెలుసు, పిల్ల ఎవరని అడిగారు. రెండో ఫోన్ నరసరావుపేట నుంచి, కొడుకు బ్యాంకులో చేస్తాడట. అప్పుడు డానీకి ఆ బస్సులో ప్రేమకుమారి చెప్పిన మాట గుర్తొచ్చింది, క్రిస్మస్‌లోపు. ఈ బ్యాంకు కుర్రాడి సంగతి ఆమె చెవిన పడితే ఇంకేముంది? తనకున్నది బకెట్టు, నిచ్చెన, టీవీఎస్ బండి. నోటికి మొదట తగిలిన అబద్ధం చెప్పేశాడు.

"పిల్ల మంచిదేనండీ. కాకపోతే వంట రాదు."

తర్వాతి వాళ్లకు వంట రాకపోయినా పర్వాలేదన్నారు. వాళ్లకు పొద్దున లేవదని చెప్పాడు. ఇంకొకరికి కోపం వస్తే మనుషుల్ని నిచ్చెన దింపేస్తుందని చెప్పాడు, అది నిజమే. క్రోసూరు నుంచి ఒకామె ఫోన్ చేసి చర్చిలో పాటలు పాడుతుందా అనడిగితే, ఈ పిల్ల పాడితే పక్కవాళ్ల శ్రుతి కూడా పోతుందన్నాడు. అలా వారం తిరిగేసరికి పల్నాడులో సగం ఊళ్లలో ఒక పేరు తెలియని పిల్ల గయ్యాళిగా స్థిరపడింది.

ఆ వారమంతా కెజియా పేపర్ల మధ్యనే ఉంది, స్టేషన్ రోడ్డు మొహం చూడలేదు. గోడ ప్రారంభోత్సవానికి ముందురోజు స్టాఫ్ రూములో లెక్కల టీచరు నవ్వుతూ చెప్పింది, క్రోసూరులో వాళ్ల పిన్ని మాచర్ల గోడ మీద ఎవరో పిల్ల బొమ్మ చూసి సంబంధం అడిగిందని, ఆ పిల్లకు వంట రాదట, పాడితే పక్కవాళ్ల శ్రుతి కూడా పోతుందట అని. అందరితో పాటు కెజియా కూడా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయి, మాచర్లలో ఏ గోడ అని అడిగింది.

సాయంత్రం ఆమె వచ్చేసరికి డానీ నిచ్చెన మీద రైలుకు మెరుగులు దిద్దుతున్నాడు.

"ఎవరది?"

"ఎవరు?"

"ఆ చివరి పిల్ల."

డానీ కిందికి దిగాడు. దిగడానికి కావలసినదానికన్నా ఎక్కువసేపు తీసుకున్నాడు.

"నువ్వే కదా టీచరమ్మా చెప్పింది, రోజూ చూసే మొహాలు వెయ్యమని."

"మిగతా నలుగురినీ అడిగి వేశావా?"

"అడిగా. యార్డుకు పోయి ఒక్కొక్కరినీ అడిగా."

"మరి నన్ను?"

డానీ బ్రష్ చివర చూసుకున్నాడు.

"అడగకుండా గోడలకు సున్నం కొడతావని మొదటిరోజే తెలుసు. మనిషి మొహానికి కూడా అంతేనా డానీ?"

ఆమె గొంతు పెరగలేదు, అందుకే అతనికి భయమేసింది. అరిస్తే ఎరుపు గురించి అరిచినట్టే ఉండేది. ఊళ్లన్నిటికీ తన గురించి ఏం చెప్పాడో కూడా తెలిసిందంది. నాకు వంట రాదని నీకెవరు చెప్పారని అడిగింది. వచ్చో రాదో నాకేం తెలుసు, ఎప్పుడన్నా పెట్టావా అనబోయి, డానీ అదృష్టం కొద్దీ ఆగాడు.

"పాట మాత్రం అబద్ధం చెప్పా. పోయిన క్రిస్మస్‌కు చర్చిలో వెనక నిలబడి విన్నా నేను, అప్పటికి నువ్వెవరో తెలియదు. బాగా పాడతావు."

"రేపు కమిషనర్ గారు వచ్చేలోపు ఆ మొహం ఉండకూడదు."

డానీ బకెట్లో సున్నం కలిపాడు. నిచ్చెన జరిపి, ఐదో పిల్ల ఎదురుగా ఎక్కాడు. బ్రష్ ముంచి, పైకెత్తి, అలాగే ఉండిపోయాడు. సున్నం మోచేతి మీదుగా కారి చొక్కాలోకి పోతోంది. అప్పుడు జేబులో ఫోన్ మోగింది.

"ఎత్తు," అంది కెజియా కిందనుంచి. "స్పీకర్ పెట్టు. నాలో ఇంకా ఏం లోపాలున్నాయో నేను కూడా వింటా."

అతను ఫోన్ తీసి నిచ్చెన మెట్టు మీద పెట్టాడు.

"వందనాలు బాబూ," అంది ఒక ముసలి గొంతు. "గోడ మీద పిల్ల బొమ్మ కింద నీ నెంబరుండాది. పిల్ల తరపు మనిషివా?"

ఆ గొంతు వినగానే కెజియా కట్టుకున్న చేతులు వదిలేసింది. డానీ గోడ వైపు తిరిగి ఉన్నాడు, చూడలేదు.

"తరపు కాదమ్మా. రంగులేసేవాణ్ణి."

"ఎవరివైతే ఏందిలే. మావోడు గవర్నమెంటు ఉజ్జోగస్తుడు. పిల్ల గుణం ఎట్టాంటిదో చెప్పు."

డానీ గోడ మీది మొహాన్ని చూశాడు. కింద నిలబడిన మొహం కన్నా దానితో మాట్లాడటం కాస్త తేలిక.

"అమ్మా, ఇప్పటిదాకా అడిగినవాళ్లందరికీ అబద్ధాలు చెప్పా. మీకు నిజం చెప్తా. కోపం ఉంది. గీత వంకరపోతే ఒప్పుకోదు. తన గీత పోయినా అట్టాగే తిట్టుకుంటది. ఈ ఊళ్లో గోడకు రంగెయ్యటానికి పర్మిషన్ అడిగిన మనిషి ఆ పిల్ల ఒక్కతే. ఆ పిల్లను చూసినాక నాకు ఏ గోడ చూసినా, ఇది ఎవరిది, అడగొద్దా అనిపిస్తంది. నా పని సగం పడిపోయింది."

"ఇంత మంచి పిల్లయితే అబద్ధాలెందుకు చెప్పినావు?"

"మీవాడు గవర్నమెంటు. మీకంటే ముందు అడిగినోళ్ల అబ్బాయి బ్యాంకు. నాకు బకెట్టు, బండి ఉన్నయి. మంచిదని చెప్తే వచ్చి చేసుకపోతారు కదమ్మా."

"అయితే నువ్వు చేసుకుంటావా?"

"ఆ పిల్ల ఒప్పుకుంటే, అంతకన్నా నాకేం కావాలి."

"అడిగినావా?"

"లేదు. అడక్కుండా మొహం వేశా. అందుకే ఇప్పుడు తుడుస్తున్నా."

రోడ్డు మీద ఒక లారీ హారన్ కొట్టుకుంటూ పోయింది. అదే హారన్ ఫోన్లో కూడా వినిపించింది. డానీ అనుమానంగా తల తిప్పాడు. ఎదురుగా టీ బంకు బల్ల మీద, ఒళ్లో చేతిసంచీ, ఒక చేతిలో టీ గ్లాసు, ఇంకో చేత్తో చెవి దగ్గర ఫోను పట్టుకుని ఒక ముసలామె కూర్చుని ఉంది.

"అమ్మమ్మా," అంది కెజియా.

విజయపురి సౌత్ నుంచి కూతురింటికి వస్తున్న రూతమ్మ ఆమె. బస్సు మలుపు తిరిగేటప్పుడు కిటికీలోంచి గోడ మీద మనవరాలు కనిపించింది, కింద సెల్ నెంబరుతో. తనకు ఒక్కమాట చెప్పకుండా ప్రేమకుమారి పిల్లను ఏకంగా గోడకెక్కించి సంబంధాలు పిలుస్తోందని కడుపు మండిపోయింది. కండక్టరును తిట్టి బస్సు అక్కడే ఆపించి దిగి, ఆ నెంబరుకే పెళ్లికొడుకు తరపులా ఫోన్ కొట్టింది. మాట్లాడేవాడు ఎదురుగా నిచ్చెన మీదున్నాడని, వాడి కింద మనవరాలు నిలబడిందని సగం టీ తాగాక చూసింది. చూశాక కూడా ఫోన్ పెట్టేయలేదు. వినాల్సిందంతా విన్నాక పెట్టేసి, రోడ్డు దాటి వచ్చింది.

డానీ నిచ్చెన మీదనుంచే వందనాలు చెప్పాడు. ఆమె అతన్ని కాకుండా మనవరాల్ని చూసింది.

"ఏమే, ఇతను అడగలేదంటన్నాడు. నువ్వేమంటావు?"

కెజియా గోడ మీది తన మొహాన్ని అప్పుడే మొదటిసారి తీరిగ్గా చూసింది. అద్దంలో తనెప్పుడూ అంత బాగా లేదు. బుగ్గ మీద చాక్‌పీసు మరక చూసి, తెలియకుండానే చేత్తో బుగ్గ తుడుచుకుంది. ఆ బొమ్మ ఎవరినీ ఏమీ అడగట్లేదు, ఊరికే చూస్తోంది.

"మొహం తుడవొద్దు," అంది డానీతో. "నెంబరు తుడువు."

"అంటే పర్మిషన్ ఇచ్చినట్టేనా టీచరమ్మా?"

"మొహానికి ఇచ్చా."

"మనిషికి?"

"ముందు దిగి అడుగు. నిచ్చెన మీదుండి అడుగుతారా ఎవరన్నా?"

డానీ దిగాడు. అడిగాడు. ఏమని అడిగాడో టీ బంకు దాకా వినపడలేదు. ఆమె తలూపడం మాత్రం ఆటో స్టాండంతా చూసింది. తర్వాత అతను ఇన్నేళ్లలో మొదటిసారిగా తన నెంబరు మీద తనే సున్నం కొట్టాడు. అప్పుడు ఇంకో సంగతి గుర్తొచ్చింది. తెల్లగా జాగా ఖాళీగా ఉంటే తెల్లారేసరికి ఏ ట్యూషన్ సెంటరో రాసేసుకుంటుంది.

కెజియా అతని చేతిలో బ్రష్ తీసుకుంది. అక్షరాలు రాయడం ఆమెకు అలవాటు లేదు, ఒకటి పైకి, ఒకటి కిందికి పోయాయి. అయినా రాసింది: 'ఈ గోడ రిజర్వ్ చేయబడినది. కెజియా.'

"తారీఖు వెయ్యాలి," అన్నాడు డానీ. "తారీఖు లేకపోతే చెల్లదు. ఎప్పటి వరకో రాయాలి."

"ఎప్పటి వరకు రాయను?"

వందల గోడల మీద డిసెంబరు ముప్పై ఒకటి అని రాసిన డానీకి ఒక్క తారీఖూ తట్టలేదు.

"పెళ్లికి వరకు ఏందిరా, బుద్ధిలేకపోతే సరి," అంది రూతమ్మ. "నుండి అని రాయండి. తారీఖు కాడ జాగా వదలండి. ప్రేమకుమారితో నేను మాట్లాడతా. దాని పెళ్లి చేసింది నేనే, దీని పెళ్లి ఆపేదెవరో చూస్తా."

డానీ బ్రష్ తీసుకుని, సిమెంటు కంపెనీకి కూడా రాయనంత కుదురుగా 'నుండి' అని రాశాడు. ముందు జాగా వదిలాడు.

మర్నాడు పొద్దున కమిషనర్ గారు వచ్చారు, రిబ్బను కత్తిరించారు, అచ్చం హైదరాబాదులా ఉందన్నారు. పుల్లారావు అన్నిటికీ తలూపాడు. ప్రేమకుమారి డ్యూటీ దిగి అదే తెల్లచీరలో వచ్చి, గోడను ఈ చివర నుంచి ఆ చివర దాకా నడుచుకుంటూ చూసింది. ఐదో పిల్ల దగ్గర ఆగి, కింద రాసింది చదివింది. రాత్రి తల్లి ఆమెతో ఏం మాట్లాడిందో, ఆమె పాస్టరు గారితో ఏం మాట్లాడిందో డానీకి తెలియదు. అతను బ్రష్ పట్టుకుని, వాన కురిసే ముందు గోడ దగ్గర నిలబడ్డట్టు నిలబడ్డాడు.

ప్రేమకుమారి చెయ్యి చాపింది. అతను అర్థం కాక చూస్తుంటే, బ్రష్ ఇవ్వయ్యా అంది. ఇచ్చాడు. ఆమె కళ్లద్దాలు సర్దుకుని, మందుల చీటీ రాసినట్టు చిన్న చిన్న అంకెలతో, వదిలిన జాగాలో పెళ్లి నిశ్చయం చేసే ప్రధానం తారీఖు వేసింది. తర్వాత టిఫిన్ డబ్బా తీసి డానీ చేతిలో పెట్టింది. ఇది కెజియా చేసిన పులిహోర, తిని చెప్పు, వంట రాదని ఊళ్లన్నీ చెప్పావట కదా అంది.